ఒకే గాయానికి నాలుగు లెక్కలు: వైకల్య, వృద్ధాప్య పింఛన్ల అర్హతపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం. ఇక్కడికి వచ్చినవారిలో ఫ్యాక్టరీల్లో, మిల్లుల్లో పనిచేస్తున్నవారు, రిటైర్మెంటుకు దగ్గరపడినవారు, దివ్యాంగులైన పిల్లలున్న తల్లిదండ్రులు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. ఎవరి అవసరం వారిదే అయినా అందరూ అడిగే ప్రశ్న ఒకటే: “మాకు పింఛను వస్తుందా?” ఈ ప్రశ్నకు వెంటనే అవుననో కాదనో చెప్పేసేవారిని నమ్మవద్దని మొదటే మనవి చేస్తున్నాను. మీరు అడుగుతున్నది ఏ పింఛను, అది ఏ నియమం కింద వస్తుంది, ఆ నియమం మీలో దేనిని కొలుస్తుంది అన్న మూడు సంగతులు తేలితే తప్ప ఎవరూ సమాధానం చెప్పలేరు.

ఒక ఉదాహరణతో మొదలుపెడతాను. చీమకుర్తి ప్రాంతంలోని ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే నలభై ఏళ్ల కార్మికుడికి రాతి పెచ్చు ఎగిరి తగిలి ఒక కంటి చూపు పూర్తిగా పోయిందనుకుందాం. రెండో కన్ను బాగానే ఉంది. రోజు వేతనం సగటున 500 రూపాయలు. ఆయన సామాజిక పింఛనుకు దరఖాస్తు చేసుకుంటే సదరం శిబిరంలో, అంటే వైకల్య ధ్రువపత్రాలిచ్చే ప్రభుత్వ వైద్య శిబిరంలో, డాక్టర్లు వైకల్యం 30 శాతమని రాస్తారు. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక కన్ను పోయి రెండో కన్ను సరిగా ఉన్నవారికి ఉన్న లెక్క అదే. రాష్ట్రం పెట్టిన గీత 40 శాతం కాబట్టి ఆయనకు ఆ పింఛను రాదు. తర్వాత ఆయన పీఎఫ్ కార్యాలయానికి వెళ్లి ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) కింద వైకల్య పింఛను అడిగారనుకుందాం. అక్కడ శాతాలు లేవు. వైకల్యం కలిగేనాటికి ఆ మనిషి చేయగలిగి ఉన్న పనుల్లో ఒక్కటి కూడా ఇక ఎప్పటికీ చేయలేని స్థితి ఉంటేనే అది శాశ్వత, సంపూర్ణ వైకల్యం అవుతుంది. ఒక కన్ను ఉన్న మనిషి ఏదో ఒక పని చేయగలడు కనుక అక్కడా దొరకదు.

ఈ రెండు చోట్లా కాదనిపించుకుని ఇంటికి వెళ్లిపోయినవారిని నేను ఎంతోమందిని చూశాను. నిజానికి వారు వెళ్లవలసిన మూడో చోటు ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా సంస్థ. అక్కడ కొలిచేది సంపాదించే శక్తిలో ఎంత భాగం పోయిందన్నదాన్ని. ఈఎస్‌ఐ షెడ్యూలులో ఒక కంటి చూపు పోతే 30 శాతం, చేతి బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం అని రాసి ఉంటుంది. ఇక్కడ 40 శాతం గీత లేదు. ఎంత శాతం పోయిందో అంత శాతం లెక్కగట్టి జీవితాంతం ఇస్తారు. పూర్తి రేటు సగటు రోజు వేతనంలో 90 శాతం, అంటే మన కార్మికుడికి రోజుకు 450 రూపాయలు. అందులో 30 శాతం రోజుకు 135 రూపాయలు, నెలకు నాలుగు వేల పైచిలుకు. అదే కన్ను, అదే 30 శాతం. ఒక చోట ఏమీ రాదు, ఇంకో చోట బతికినంత కాలం నెలనెలా వస్తుంది.

పనిలో గాయపడినవారికి ఈఎస్‌ఐలో ఇన్ని నెలల చందా కట్టి ఉండాలన్న షరతు కూడా లేదు. బీమా వర్తించే ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే ప్రమాదం జరిగినా హక్కు ఉంటుంది. అయితే ఆ ప్రమాదం పని వల్ల, పనిలో ఉండగా జరిగిందని రుజువు కావాలి. అందుకు కావలసింది ఫారం 12, అంటే యాజమాన్యం పంపే ప్రమాద నివేదిక. “ఆస్పత్రి ఖర్చు మేమే పెట్టుకుంటాం, కేసులు, కాగితాలు ఎందుకు” అని యాజమాన్యం అంటే, ఆ మాటలో నిజంగా దయే ఉన్నా సరే, నివేదిక వెళ్లిందో లేదో కుటుంబంలో ఎవరైనా ఆ వారంలోనే కనుక్కోవాలి. ప్రమాదాల పుస్తకంలో ఎక్కని గాయాన్ని మూడేళ్ల తర్వాత మెడికల్ బోర్డు ముందు నిరూపించడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు. సాధారణంగా పదిమంది, అంతకు మించి పనివారున్న చోట, నెల వేతనం 21,000 రూపాయల వరకు ఉన్నవారికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. దివ్యాంగులైన ఉద్యోగులకు ఆ పరిమితి 25,000. జీతం చీటీలో ఈఎస్‌ఐ కోత కనబడుతోందా లేదా అన్నది ఈ రోజే ఇంటికి వెళ్లి చూసుకోండి.

ఇప్పుడు పీఎఫ్ పింఛను సంగతి కొంత విపులంగా చెబుతాను. ప్రైవేటు రంగంలో పనిచేసేవారు ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే, ఆ నష్టం కూడా చాలావరకు చేజేతులా జరుగుతున్నది.

ఉద్యోగుల పింఛను పథకం 1995 నవంబరు 16న మొదలైంది. యాజమాన్యం కట్టే వాటాలోంచి, జీతంలో 8.33 శాతం దీనిలోకి వెళుతుంది. లెక్కకు తీసుకునే జీతం 2014 సెప్టెంబరు నుంచి గరిష్ఠంగా 15,000 రూపాయలు, కాబట్టి నెలకు జమయ్యేది గరిష్ఠంగా 1,250 రూపాయలు. నెలవారీ పింఛనుకు పదేళ్ల సర్వీసు ఉండాలి, వయసు 58 నిండాలి. తొమ్మిదిన్నరేళ్లు నిండితే పదిగా పరిగణిస్తారు. యాభై నిండిన తర్వాత ముందే తీసుకోవచ్చు గానీ, ముందుకు జరిగిన ఒక్కో ఏడాదికి 4 శాతం చొప్పున పింఛను తగ్గుతుంది, ఆ తగ్గుదల తర్వాత ఎప్పటికీ పూడదు. పింఛను మొత్తానికి సూత్రం చిన్నదే: చివరి అరవై నెలల సగటు జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. ఇరవై ఏళ్లు పూర్తిచేసి 58 వరకు ఉన్నవారికి మరో రెండేళ్లు కలుపుతారు.

దీనిని ఒక మనిషి జీవితంలో పెట్టి చూద్దాం. 15,000 జీతం మీద ఒక కంపెనీలో ఆరేళ్లు, ఇంకో కంపెనీలో ఐదేళ్లు పనిచేసిన వ్యక్తికి మొత్తం పదకొండేళ్ల సర్వీసు. సూత్రం ప్రకారం 58 ఏళ్ల నుంచి నెలకు సుమారు 2,357 రూపాయల పింఛను రావాలి. కానీ మొదటి కంపెనీ మానేసినప్పుడు, ఇంట్లో పెళ్లో, అప్పో, బడి ఫీజో ఉండి, పీఎఫ్‌తోపాటు ఫారం 10-సి నింపి పింఛను సొమ్ము కూడా తీసేసుకున్నారు. ఆ ఆరేళ్లు అక్కడితో తుడిచిపెట్టుకుపోయాయి. రెండో కంపెనీలోని ఐదేళ్లు పదేళ్ల గీతకు చేరవు కనుక, వాటికీ చివరికి ఒకేసారి వచ్చే సొమ్మే తప్ప పింఛను లేదు. రెండు సార్లూ కలిపి చేతికి వచ్చింది సుమారు లక్షా అరవై ఐదు వేలు. పింఛను తీసుకుని ఉంటే ఆరేళ్లలోపే అంత వచ్చేది, ఆ తర్వాత బతికినన్నాళ్లూ వచ్చేది, ఆయన పోయాక భార్యకు అందులో సగమో, నెలకు వెయ్యి రూపాయల కనీస మొత్తమో, ఏది ఎక్కువైతే అది వచ్చేది. పథకం కింద శాశ్వత, సంపూర్ణ వైకల్యమున్న సంతానానికి జీవితాంతం పింఛను ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది, అదీ పోయింది.

ఉద్యోగం మారేటప్పుడు చేయవలసింది పాత సర్వీసును కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోవడం. కొంతకాలం ఉద్యోగం లేకుండా ఉంటారనుకుంటే అదే 10-సి ఫారం మీద సొమ్ముకు బదులు స్కీం సర్టిఫికెట్ అడగవచ్చు. ఎన్నేళ్లు పనిచేశారో ఆ కాగితంలో నిలిచి ఉంటుంది, తర్వాతి ఉద్యోగంలో అది కలుస్తుంది. ఒకే ఫారంలో ఈ రెండు దారులూ ఉన్నాయన్న సంగతి ఇంటర్నెట్ సెంటర్‌లో ఫారం నింపిపెట్టే కుర్రాడికి తెలియకపోవడంలో వింత లేదు. కానీ మానేసిన రోజున పర్సనల్ విభాగంలో కూర్చున్నవారు ఈ ఒక్క మాట కార్మికుడికి చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఇంకో చిక్కు, మానేసిన తేదీని యాజమాన్యం నమోదు చేయకపోవడం. ఆ తేదీ లేనిదే బదిలీ కదలదు. చివరి చందా పడి రెండు నెలలు దాటితే ఇప్పుడు సభ్యుడే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత సంఖ్య) ఖాతాలోకి వెళ్లి ఆ తేదీ నమోదు చేసుకోవచ్చు.

సర్వీసు తక్కువగా ఉన్నవారు నిరాశపడనవసరం లేని సందర్భాలు రెండున్నాయి. ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, సంపూర్ణంగా వైకల్యం వచ్చినా, ఉద్యోగంలో ఉండగా చనిపోయినా పదేళ్ల షరతు వర్తించదు. ఒక్క నెల చందా పడి ఉంటే చాలు. పైగా ఈపీఎస్ వైకల్య పింఛనుకు ఆ గాయం పనిలోనే తగలాలన్న షరతు లేదు. సెలవు రోజున మోటార్ సైకిలు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని మంచానపడినా మెడికల్ బోర్డు పరీక్షకు వెళ్లే హక్కు ఉంటుంది. ఈ సంగతి తెలియక, “డ్యూటీలో కాదు గదా” అని ఊరుకున్న కుటుంబాలు ఉన్నాయి.

పుట్టిన తేదీ గురించి ఒక్క మాట. పాత తరం కార్మికుల ఆధార్‌లో చాలామందికి జనవరి ఒకటో తేదీయో, జూలై ఒకటో తేదీయో ఉంటుంది, పీఎఫ్ ఖాతాలో వేరే తేదీ ఉంటుంది. 2024 జనవరిలో పుట్టిన తేదీ సవరణకు చూపే రుజువుల జాబితా నుంచి ఆధార్‌ను పీఎఫ్ సంస్థ (ఈపీఎఫ్‌వో) తొలగించింది. పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం వంటివి కావాలి. ఈ సవరణ యాభై ఏళ్ల వయసులో ప్రశాంతంగా అయిపోయే పని, యాభై ఎనిమిదిలో పింఛను ఆపేసే పని.

ఇక సామాజిక పింఛన్లు. ఇక్కడ చందాలు లేవు, సర్వీసు లేదు. వయసో, వైకల్యమో, దానితోపాటు కుటుంబ పరిస్థితీ చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య, వితంతు పింఛను నెలకు 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు. వృద్ధాప్య పింఛనుకు వయసు 60, గిరిజనులకు 50. తెలంగాణలో 2014 నవంబరులో మొదలైన ఆసరా పింఛన్లకు వయసును తర్వాత 65 నుంచి 57కు తగ్గించారు. 2019లో వృద్ధులకు 2,016, దివ్యాంగులకు 3,016 చేశారు, 2023లో దివ్యాంగులది 4,016 అయింది. రెండు రాష్ట్రాల్లోనూ వైకల్యానికి గీత 40 శాతం, తెలంగాణలో వినికిడి లోపానికి మాత్రం 51. వినలేనివారికి మాత్రం గీత ఎందుకు పైకి జరగాలో నాకు న్యాయమైన కారణం కనబడలేదు.

కేంద్రం తన వంతుగా ఇందిరా గాంధీ పేరిట ఇచ్చే వైకల్య పింఛనుకు గీత ఏకంగా 80 శాతం, ఇచ్చేది 300 రూపాయలు. ఆ 300 ఖరారైంది 2012లో. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, సామాజిక భద్రతా పథకాల్లో దివ్యాంగులకు ఇచ్చే మొత్తం మిగతావారికి ఇచ్చేదానికన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని చెబుతోంది. రాష్ట్రాల మొత్తాలు ఈ సెక్షన్‌కు తగ్గట్టు ఉన్నాయి. చట్టం చేసిన కేంద్రం తన 300 రూపాయలను ఇన్నేళ్లూ కదిలించకపోవడం తప్పని ఈ వేదిక మీద స్పష్టంగానే చెబుతున్నాను.

కుటుంబ షరతుల్లోనే నాకు పెద్ద అభ్యంతరం ఉంది. ఆంధ్రప్రదేశ్ నియమాల్లో కుటుంబ ఆదాయం గ్రామాల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు కాకుండా సొంత నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు. ఇంటి కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. పేదవారికే చేరాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ మంచానపడిన మనిషి ఉన్న ఇంట్లో పుండ్లు పడకుండా రాత్రింబవళ్లు తిరిగే గాలి పరుపు మోటారు ఉంటుంది, కొందరికి ఆక్సిజన్ యంత్రం ఉంటుంది, ఎండాకాలంలో చల్లదనం తప్పనిసరి అయ్యేవారుంటారు. వైకల్యం వల్లనే కాలిన కరెంటును చూపి ఆ వైకల్యానికి ఇచ్చే పింఛనును ఆపే నియమం తన ప్రయోజనాన్ని తానే చెరుపుకుంటుంది. వయసు వచ్చిన దివ్యాంగుడిని అన్న జీతంతోనో నాన్న పొలంతోనో కలిపి తూచడం కూడా అలాంటిదే. వైకల్య పింఛనుకైనా వ్యక్తిని వ్యక్తిగా చూడాలి.

వైకల్య ధ్రువపత్రం దగ్గర మరికొంచెం ఆగుతాను, ఎందుకంటే మిగతా అన్నిటికీ మూలం అదే. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో అవి 21 అయ్యాయి. తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా, పార్కిన్‌సన్స్, ఆటిజం, యాసిడ్ దాడి బాధితులు, ఇవన్నీ అందులో ఉన్నాయి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలకు, ఆ జబ్బు వైకల్యాల జాబితాలో ఉందన్న సంగతే చాలాచోట్ల చేరలేదు.

రెండు లోపాలు ఉన్నవారు ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. పెద్ద శాతానికి చిన్న శాతాన్ని నేరుగా కలపరు. 90లోంచి పెద్ద శాతాన్ని తీసివేసి, దానిని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. ఒకటి 30, ఒకటి 20 అనుకోండి. 90లోంచి 30 పోతే 60. దానిని 20తో గుణించి 90తో భాగిస్తే 13 పైచిలుకు. మొత్తం 43 శాతం. విడివిడిగా చూస్తే రెండూ గీతకు కిందే ఉన్నాయి, కలిపితే గీత దాటింది. కానీ ఒక డాక్టరు కాలు చూసి 30 అని, వేరే రోజున ఇంకో డాక్టరు ఇంకో లోపం చూసి 20 అని రాస్తే ఈ లెక్క వేసేవారు ఉండరు. కాబట్టి బహుళ వైకల్యం కింద కలిపి మదింపు చేయమని మీరే దరఖాస్తులో రాయాలి.

ధ్రువపత్రం శాశ్వతమా, తాత్కాలికమా అన్నది కూడా చదువుకోండి. తాత్కాలికమైతే దానిమీద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీకి ముందే మళ్లీ స్లాట్ బుక్ చేసుకోవాలి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్లను మళ్లీ తనిఖీ చేసినప్పుడు, శాతం తగ్గిందనో, వైకల్యం తాత్కాలికమనో నోటీసులు అందుకున్నవారిలో చాలామంది ఆ మాటలు తమ కాగితం మీద ఉన్నట్టు అప్పటిదాకా గమనించలేదు. అనర్హులను తొలగించవద్దని నేను అనను. నడవలేని మనిషిని జిల్లా ఆస్పత్రి వరండాలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి అర్హత తేల్చడం మాత్రం ఒప్పుకోలేను. ఇచ్చిన శాతం మీద మీకు అభ్యంతరం ఉంటే, నిర్ణయం వచ్చిన 90 రోజుల్లోగా అప్పీలు చేసుకునే హక్కును కేంద్ర నియమాలే ఇచ్చాయి. నోటీసు చేతికి రాగానే దానిమీద అందిన తేదీ రాసిపెట్టుకోండి, అప్పీలుకు రసీదు తీసుకోండి.

నాలుగో లెక్క ప్రభుత్వోద్యోగులది. 2016 చట్టం 20వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పనికి తగకపోతే అదే జీతపు స్కేలుతో ఇంకో పోస్టులోకి మార్చాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. మన గ్రానైట్ కార్మికుడు ప్రైవేటు యూనిట్‌లో కాక ప్రభుత్వ సంస్థలో ఉంటే, వైకల్య చట్టం కింద అడిగే ప్రశ్నే మారిపోయేది: వీరికి ఏ పని ఇవ్వగలం అని. రంగులు గుర్తించలేరన్న కారణంతో ఉద్యోగం నుంచి పంపించిన ఒక డ్రైవరుకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. అందులో కార్మిక సంఘాలతో కుదిరిన పాత ఒప్పందం కీలకమైంది. కాబట్టి ప్రమాదం తర్వాత పై అధికారులు స్వచ్ఛంద విరమణ కాగితం ముందు పెడితే, ఈ సెక్షన్ చదవకుండా సంతకం చేయవద్దు. ఉద్యోగం వదులుకోక తప్పనివారికి ఇన్‌వాలిడ్ పింఛను ఉంది. కేంద్ర నియమాల్లో 2019 నుంచి పదేళ్లు నిండనివారికి కూడా అది వర్తిస్తుంది.

చివరగా, దివ్యాంగులైన పిల్లల తల్లిదండ్రులకు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల సంతానంలో వైకల్యం వల్ల సంపాదించుకోలేని వారికి జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. 2021 ఫిబ్రవరి నుంచి ఆ సంతానపు ఇతర ఆదాయం, తల్లి లేదా తండ్రి చివరి జీతంలో 30 శాతం, దానిమీద కరువు భత్యం కలిపిన మొత్తంకన్నా తక్కువ ఉంటే చాలు. రాష్ట్ర ఉద్యోగులు తమ రాష్ట్ర నియమాలు చూసుకోవాలి. మీరు బతికి ఉండగానే ఆ బిడ్డ పేరు, ధ్రువపత్రం పింఛను ఉత్తర్వులో చేర్పించండి. మీ తర్వాత ఆ బిడ్డ కార్యాలయాల చుట్టూ తిరిగి తన వైకల్యాన్ని నిరూపించుకోవలసిన పరిస్థితి రానివ్వకండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకు పద్దెనిమిది నిండాక చట్టబద్ధమైన సంరక్షకులు కావలసి రావచ్చు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. బ్యాంకు ఖాతా, పింఛను ఉత్తర్వు, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఈ మూడింటిలోనూ బిడ్డ పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉందో లేదో సరిచూసుకోండి. ఒక అక్షరం తేడాతో నెలల తరబడి ఆగిపోయిన పింఛన్లు నేను చూశాను.

ధ్రువపత్రాలు, పాస్‌బుక్కులు వెంట తెచ్చుకున్నవారు ముందు వరుసలోకి రండి. ఒక్కొక్కరివీ చూసి, ఎక్కడ దరఖాస్తు పెట్టాలో, ఏ కాగితం కావాలో రాసి ఇస్తాను. మిగతావారు ప్రశ్నలు అడగవచ్చు.